బావ తుడిచిన సమురాయ్

సౌదీలో, ధహ్రాన్‌లో నేను పనిచేసే మ్యూజియంలో ఒక జపాన్ సమురాయ్ బొమ్మ ఉంది. చెక్కతో చేసి రంగులు వేసిన యోధుడు. నడుమెత్తు ఉంటాడు. ఎర్ర కవచం, కత్తి పిడి మీద చెయ్యి, తెరిచిన నోట్లో పళ్ళు. నేను ఆ గదిలో ఊడ్చినంతసేపూ గుడ్లురిమి చూస్తుంటాడు. చూడటానికి వచ్చినవాళ్ళు ఆహా అంటారు. నాకు మాత్రం వాణ్ణి చూస్తే మా బావ గుర్తొచ్చి ఒళ్ళు మండేది.

బావ అంటే మా అక్క మొగుడు. నాకు వీసా తీసిందీ ఆయనే, క్లీనింగ్ పనిలో నా మీద సూపర్‌వైజరూ ఆయనే. తన బట్టలు నా చేత ఉతికించుకునేవాడు. ఎదురు చెబితే, "నిన్ను ఈడికి తెచ్చిందెవర్రా?" అనేవాడు. ఊళ్ళో ఉన్న అక్కను తలుచుకుని నోరు మూసుకునేవాణ్ణి.

ఆ రోజు అద్దం లోపలివైపు తుడవాలని మ్యూజియం మేడం సమురాయ్ ఉన్న అద్దాల పెట్టె తాళం తీసింది. సౌదీ ఆవిడ, బొమ్మల బాధ్యత ఆమెదే. బొమ్మ మీద చెయ్యి పడకూడదని, దుమ్ముంటే తన కుంచెతో తానే దులుపుతానని మాకు మళ్ళీ చెప్పింది. ఇంతలో ఫోనొస్తే పక్క గదిలోకి వెళ్ళింది.

బావ బొమ్మను ఎగాదిగా చూశాడు. "కళ తప్పిందిరా. పండుగకు మన దర్వాజలు ఎట్ల మెరిపిస్తం? గట్ల చేద్దాం."

మా దిక్కున దసరాకు తలుపులకు కొబ్బరినూనె పట్టిస్తారు. ఏసీకి చేతులు పగులుతాయని బావ జేబులో ఎప్పుడూ ఆ నూనె సీసా ఉండేది.

"వద్దు బావా. ముట్టుకోవద్దని గిప్పుడే చెప్పింది."

"నీకేం ఎర్క? మేడం చూసి ఖుషీ అయితది."

గుడ్డ మీద నూనె పోసి బొమ్మ భుజం రుద్దాడు. ఎప్పటి రంగో, పెచ్చులుగా లేచి గుడ్డకు అంటుకుంది. కింద ఉత్త చెక్క బయటపడింది. బావ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అడుగుల చప్పుడు వినగానే ఆ గుడ్డ నా చేతిలో కుక్కాడు.

మేడం భుజాన్ని చూసింది, నా చేతిలో గుడ్డను చూసింది. ఎవరు చేశారని ఇంగ్లీషులో అడిగింది. బావ నన్ను చూపించి, వీడు కొత్తవాడు, తెలివి లేదు అని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాడు. తర్వాత తెలుగులో నాతో మెల్లగా అన్నాడు. "ఒప్పుకోరా. నిన్ను ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపుతరు, గంతే. నేను పోతే మీ అక్క బతుకేంగావాలె?"

నా బతుకు మాట ఆయన నోట రానేలేదు. ఈ కొలువు పోతే నా పెళ్ళాం, నా చంటిది ఏం తిని బతకాలి? అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఆయన జేబు చూడండి మేడం" అని నాకొచ్చిన ఇంగ్లీషులో అన్నాను.

జేబులో నూనె సీసా బయటపడ్డాక కంపెనీ బావను మ్యూజియం నుంచి తీసేసి ఎక్కడో దూరాన జిజాన్‌లో సిమెంటు పనికి పంపింది. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ లేదు.

ఆ వారంలోనే అక్క ఫోన్ చేసింది. ఎట్లున్నావని కూడా అడగలేదు.

"నా మొగుణ్ణి ఎండల పడేసినవ్ గదరా. గా కట్టె బొమ్మ నీకేమైతదని?"

"అది నాకేం కాదక్కా. మరి నేను ఏమైతనని బావ గా గుడ్డ నా చేతిల వెట్టిండు?"



"నువ్వు నాకేంగావు" అని అక్క ఫోన్ పెట్టేసింది.