బొట్టు పెట్టుకున్న చెట్లు

ఆర్మూర్‌లో నేను ఉండే వీధిలో నా పేరు "బూజు మేడమ్". అడవి చెట్లను తోటలుగా వేస్తారు కదా, వాటికి పట్టే బూజు తెగుళ్ల మీద నా పరిశోధన. ఎన్నిసార్లు చెప్పినా ఆ సంగతి ఎవరి చెవికీ ఎక్కదు. పసుపు యార్డుకు వచ్చిన రైతు దారిలో నన్ను ఆపి, జేబులోంచి కుళ్ళిన పసుపు కొమ్ము తీసి, "మేడమ్, గిదేం రోగం?" అంటాడు. నాది పసుపు కాదయ్యా, జామాయిల్ అంటే, "బూజు బూజే గదా మేడమ్" అని నాకే నచ్చజెప్తాడు. వాళ్ళతో వాదించడం ఎప్పుడో మానేశాను.

మా అక్కది నందిపేట్ అవతలి ఊరు. బావ దుబాయిలో డ్రైవరు. పెళ్ళయిన కొత్తలో పోయినవాడు, సెలవుకు రావడం, పోవడం, అంతే. ఒకసారి వచ్చినప్పుడు పసుపు వేసే చేలల్లో ఒకదాని నిండా జామాయిల్ నాటాడు. మొక్కలు తెప్పించి ఇచ్చింది నేనే. "మరదలా, గీ చెట్లు కోతకొచ్చిన యేడు వచ్చేస్త. మల్ల పోను," అన్నాడు. అప్పటినుంచి అక్క ఆ చెట్ల ఎత్తు చూసుకుంటూ బతుకుతోంది. వచ్చే ఏడే కోత.

ఈసారి వానలు విడవకుండా కురిశాయి. నేను ఊళ్ళు పట్టుకుని వేరేవాళ్ళ తోటలు చూస్తూ తిరిగాను. వానలు తగ్గాక ఒక ఆదివారం షేర్ ఆటో ఎక్కి అక్క దగ్గరికి పోయాను. చేతిలో పసుపు కుంకుమల పళ్ళెంతో చేను గట్టునే ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"చెల్లె, సూద్దువు రా. చెట్లకు బొట్టొచ్చింది."

కొమ్మలు చీలే చోట, అక్కడినుంచి కిందికి మాను చుట్టూ, గులాబీ రంగు పొర. దాని మీద అక్క ప్రతి శుక్రవారం అద్దుతున్న కుంకుమ. "మొదలు ఇబూది లెక్క తెల్లగొచ్చింది. అటెన్క గిట్ల ఎర్రగైంది. అమ్మోరే పెట్టుకుంటున్నది. మీ బావకేం గాదింక," అంది.

ఆ బూజును నేను ల్యాబులో గాజు పళ్ళేల్లో పెంచి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, ఏళ్ళ తరబడి చూశాను. తెల్లని దారాలుగా మొదలై గులాబీ పొరగా మారి, లోపల బెరడును చంపేస్తుంది. బెరడు ఎంత లోతుకు చచ్చిందో చూద్దామని కత్తి తీసి గీకబోయాను. అక్క నా మణికట్టు పట్టేసింది.

"ఏందే, బొట్టు తుడుస్తున్నవా?"

చెట్టు గురించి అన్నట్టు లేదు ఆ మాట. దూరదేశంలో ఉన్న మొగుడి ప్రాణం మీదికి నేను కత్తి తెచ్చినట్టు ఉంది. కోపం వచ్చింది నాకు. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను. కత్తి మడిచి సంచిలో వేసుకుని, చేతి గోటితో చాటుగా ఒక చెట్టు గీకి చూశాను. లోపలంతా గోధుమరంగు, తడి లేదు. అలా ఎన్ని చెట్లు గీకినా అదే.

కొమ్మల మీదే ఉన్నప్పుడు కనిపిస్తే ఆ కొమ్మలు కొట్టేసి, సున్నం, మైలుతుత్తం కలిపిన బోర్డో ముద్ద పూసి చెట్టును బతికించవచ్చు. మాను చుట్టూ తిరిగిందంటే నరికి అక్కడికక్కడే కాల్చాలి. పరాయివాళ్ళ చేలల్లో ఈ మాట నిలబడ్డ చోటే చెప్పేసి, టీ తాగి వచ్చేదాన్ని. ఇక్కడ నోరు రాలేదు. చెప్తే బావ రాడు. చెప్పకపోతే వచ్చే వానల్లో ఇది పక్క చేలకు పాకుతుంది. అక్కను చూసి ఆ రైతులంతా కూడా జామాయిల్ వేశారు. ఏమీ చెప్పకుండానే ఆర్మూర్ తిరిగొచ్చాను. అక్క రోజూ ఫోన్ చేసి, "మంచిదే గదా చెల్లె, బొట్టు?" అని అడిగేది. ఊఁ అని పెట్టేసేదాన్ని.

చివరికి పోయి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చెట్లవైపు చూసి, "మీ బావకు నేను చెప్ప. నువ్వే చెప్పు," అంది.

చెట్లు నరికే మిషన్ వచ్చిన రోజు అక్క మిషన్‌కు ముందు నడిచింది. ఒక్కో చెట్టు దగ్గర ఆగి, కొంగుతో కుంకుమ తానే తుడిచింది. "బొట్టుతోని ఎట్ల నరుకుతరే," అంది నా వైపు చూడకుండా. ఒక వరుస అయిపోగానే చెయ్యి తన నుదుటి మీదికి పోయింది. బొట్టు ఉందో లేదో తడుముకుంది. నేను తల తిప్పుకున్నాను. కట్టెలు పసుపు ఉడకబెట్టడానికి దాచుకుంటానని అక్క అంటే వద్దన్నాను. చేనులోనే కుప్పవేసి నిప్పు పెట్టాం.

అప్పుడే బావ వీడియో కాల్ చేశాడు. అక్క ఫోన్ నా చేతిలో పెట్టింది.

"మరదలా, ఎనక గా పొగేంది? గప్పుడే పసుపు ఉడకవెడుతుండ్రా?"

"కాదు బావా. చెట్లకు రోగమొచ్చింది. కాలుస్తున్నం."

ఫోన్‌లో బొమ్మ ఆగిపోయిందేమో అనుకున్నాను. అంతలో బావ కళ్ళు ఆర్పాడు.

"భూమిల మొద్దులున్నయా?"

"ఉన్నయి. రోగం కిందిదాక రాలే."

"చిగురొస్తదా?"

"వస్తది."

"మల్ల కోతకెప్పుడొస్తయి?"

ఈ ప్రశ్నకు జవాబు నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. "నాలుగేండ్లు, బావా," అన్నాను.

"గట్లనా," అన్నాడు. "సరే. సేటుకు చెప్త, మల్ల వీసా కొట్టియ్యమని. మీ అక్కను ఫికర్ జెయ్యొద్దను."

అక్క పక్కనే నిలబడి అంతా వింది. కొంగుకు ఎర్రగా కుంకుమ అంటుకుని ఉంది. ఫోన్ తీసుకుని, పొగ కనపడకుండా అటు తిరిగి, "అన్నం తిన్నవా?" అని అడిగింది.