లోయలో పడ్డ గుర్రబ్బండి

అమెరికాలో, పార్సిప్పనీలో మా పక్క అపార్ట్‌మెంట్ ఆంటీకి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా శనివారం పొద్దున టీవీలో వచ్చే పాత కౌబాయ్ సీరియల్ మాత్రం వదిలేవారు కాదు. చవకగా తీసిన సీరియల్. కథ ఏ ఊళ్ళో జరిగినా వెనక అదే కొండ. ప్రతి భాగం చివర ముసుగువీరుడి గుర్రబ్బండి లోయలో పడేది. ఆవిడ తాపీగా టీ పెట్టడానికి లేచేవారు.

“దూకేసుంటాడులేమ్మా. మనకి చూపించలేదంతే.”

మరుసటి వారం చూస్తే నిజంగానే, బండి పడకముందే దూకేసి ఉండేవాడు. ఇది అచ్చమైన మోసమని నేను ఉడుక్కునేదాన్ని.

ఉద్యోగం పోయి, అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే వీసా పోయి దేశం వదలాల్సి వచ్చినప్పుడు ఆవిడ సోఫాలోనే ఏడ్చాను. “అయిపోయిందాంటీ, ఇంక ప్యాక్ చేసుకోవడమే.”

“వచ్చే వారం భాగం అప్పుడే చూసేశావా?” అన్నారు.

యాభై మూడో రోజున కొత్త ఉద్యోగం ఆఫర్ రాగానే వెళ్ళి తలుపు కొట్టాను. ఆవిడ నా మొహం చూశారు.

“దూకేశావన్నమాట,” అంటూ టీ పెట్టడానికి వెళ్ళారు.