విరిగిన ముక్క

శివరాత్రి ముందురోజు చార్మినార్ దగ్గర ఉపవాసానికి కందగడ్డలు, అంటే చిలగడదుంపలు, కొని ఛత్రినాక బస్సెక్కాను. పక్కసీటు పెద్దావిడ ఒళ్లో ఒక పేపరు పొట్లం ఉంది. సడన్ బ్రేకు పడగానే నా సంచీ, ఆ పొట్లమూ జారి, గడ్డలన్నీ కింద కలిసిపోయాయి. వంగి ఒకటి తీశానో లేదో, ఆమె నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ముట్టకు బిడ్డా! నావి అగ్నిశిఖ గడ్డలు. పూలతీగకు నాటేటియి. తింటే పానం పోతది."

"నావి నేను గుర్తుపడ్త తియ్యమ్మా."

"ఇరిగిన ముక్కలున్నయి. ఏండ్ల సంది పెంచుతున్న నాకే తెలుస్తలేదు. ఉత్త పేపర్ల చుట్టుకచ్చుడు నా తప్పే."

చేతికి కవరు తొడుక్కుని, నావి కూడా ఏరి తన సంచిలో వేసి రెండు ముళ్లు వేసింది. నా ఖాళీ సంచినీ వదల్లేదు. తన బాటిల్ నీళ్లతో కిటికీలోంచి నా చేతులు కడిగించింది. ఇంత లొల్లి దేనికని నాకు ఒళ్లు మండింది. దిగేటప్పుడు ఆమె వైపు చూడనైనా లేదు.

ఇంటికెళ్లి చీర దులిపితే కుచ్చిళ్లలోంచి చిన్న ముక్క రాలింది. కందగడ్డదే కావచ్చు.

"అమ్మా, గింతనే తెచ్చినవా?" అంటూ నా ఐదేళ్ల కూతురు దాన్ని నోటిదాకా తీసుకెళ్లింది.

నా మణికట్టు మీద ఆ పెద్దావిడ వేళ్ల గుర్తులు అప్పటికింకా పోలేదు. పాప మణికట్టు మీద నావి పడ్డాయి.