రెండో డిస్కులోని పాట

కోయిలకుంట్ల దగ్గర మా ఊరి చర్చిలో పాట ఎత్తుకునేది మా నాన్నే. ఆయన పోయాక, ఫోన్‌లో పాడి దాచుకున్న పాటలన్నీ ఇంట్లోని పాత కంప్యూటర్‌లోకి ఎక్కించాను. అది అందరిలా విండోస్‌తో కాదు, లినక్స్‌తో నడుస్తుంది. కొన్నాళ్లకు డిస్కు గరగరమంటుంటే భయమేసి, కర్నూలు పోయి కొత్తవి రెండు తెచ్చాను. రెండింటికీ మిర్రరింగ్ పెడితే ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ పడుతుందట. స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని, ఇంత మాత్రం చేయలేనా అనుకున్నాను.

తీరా కూర్చుంటే అంతా అయోమయం. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టేసరికి తెర మీద డిస్కుల పేర్లు తారుమారయ్యాయి. పాతదేదో కొత్తదేదో తెలియలేదు. ఏ కమాండ్ కొడితే నాన్న గొంతు తుడిచిపెట్టుకుపోతుందోనని ఎంటర్ మీద వేలు పెట్టడం, తీయడం. నా మీద నాకే తిక్క రేగింది. పక్కన అమ్మ శనక్కాయలు వలుస్తోంది.

"రెండిట్లో అసలుది యాది పాపా?"

"అసలు, నకలు అని లేదుమా. ఒకదానికొకటి అద్దం మాదిరి. రెండూ అసలువే."

"అట్లెట్ల? అద్దమన్యాక ముందర మనిషి ఉండాల కదా."

"ఒకటి పోయినా ఇంకోటి ఉంటాది, నిమ్మళంగా ఉండు" అని కసిరాను.

ఎలాగో పని అయింది. పాటలు కొత్తవాటిలోకి చేరాక పాత డిస్కు మళ్లీ లేవలేదు. నాన్న ఫోన్ అంతకుముందే పాడైంది.

నాన్న జ్ఞాపకార్థ కూడికలో ఆ పాటలు మైకులో పెట్టాలనుకున్నాం. ముందు రోజు వరసగా వింటే చివరి పాట లేదు. ఆస్పత్రికి పోయే ముందు పాడింది అది. రెండో చరణం మధ్యలో దగ్గు తెర వచ్చి, ఆగి, మళ్లీ అందుకుంటాడు.

"అదా, నువ్వు నేర్పినట్లే నొక్కి నేనే తీసేస్తి" అంది అమ్మ తాపీగా. "ఆ దగ్గు ఊరందరికీ ఎందుకు ఇనపడాల? ఈ డిస్కు వాళ్లకు. రెండోదాంట్లో ఉండాది కదా, అది నేనొక్కదాన్నే ఇనుకుంటా."

రాసింది రెండింట్లో పడినట్టే, చెరిపింది కూడా రెండింట్లోనూ చెరిగిపోతుందని ఆమెకు నేను చెప్పలేదు. నిజం చెప్పాలంటే నాకూ అప్పుడే తట్టింది. డిస్కులను విడదీసి దేనికది వెతికాను. దేంట్లోనూ లేదు.

"యాడికి పోతాది పాపా? ఒకటి పోయినా ఇంకోటి ఉంటాదని నువ్వే అంటివి కదా."

కోపం కాదు, నిజంగానే అర్థంకాక అడుగుతోంది. డిస్కు పోవడం వేరు, అందులోది పోవడం వేరని చెప్పబోయి మధ్యలో నేనే తడబడ్డాను. ఏడుపొచ్చింది.

అమ్మ ఆ రెండు డిస్కులనూ పక్కకు జరిపింది. "సరే, నీ ఫోన్‌లో రికార్డు పెట్టు" అంది.

ఆ పాట తనే ఎత్తుకుంది. రెండో చరణం మధ్యలో ఆగింది. మరిచిపోయిందేమోనని అందించబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. నాన్న దగ్గినంతసేపూ ఆగి, మళ్లీ అందుకుంది.