రిమ్ముకు చిక్కిన దూది

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు టాక్సీలో వస్తున్నాను. డ్రైవరు మద్రాసులో కొని బిగించుకున్న కొత్త రిమ్ములు తళతళా మెరుస్తున్నాయి. కానీ ఒక చక్రంలో గాలి మెల్లగా దిగిపోతోంది. రెండుసార్లు ఆగి గాలి కొట్టించుకున్నాం. మూడోసారి పంక్చరు షాపులో ట్యూబు విప్పి నీళ్లలో ముంచితే బుడగలు వచ్చాయి.

"మళ్లీ తుమ్మముల్లే!" అన్నాడు డ్రైవరు.

నా పక్క సీటులో వచ్చిన ముసలామె వంగి చూసింది. పరుపులు కుట్టే మనిషి. "ముల్లయితే రోడ్డు వైపు గుచ్చుకోవాల గదా. చిల్లు రిమ్ము వైపు ఉండాదేందిరా?"

డ్రైవరు రిమ్ము లోపలంతా చెయ్యి తిప్పాడు. "అద్దం మాదిరి నున్నగా ఉండాది అవ్వా!"

"నీ చేతి నిండా కాయలేరా. దానికేం తెలుస్తాది? దూదికి తెలుస్తాది."

మూటలోంచి చిటికెడు దూది తీసి, పలచగా లాగి, రిమ్ము లోపల మెల్లగా తిప్పింది. సగం చుట్టు దాటాక ఒక పోగు చిక్కుకుని అక్కడే ఆగిపోయింది! అతుకు దగ్గర ఆవగింజంత కూడా లేని ఇనుప మొన. "దొరికింది!" అని అందరికంటే గట్టిగా అరిచింది నేనే. డ్రైవరు ఆకురాయితో దాన్ని అరగదీసి, ట్యూబుకు ప్యాచీ వేయించాడు. ఆమె ఆ పోగును జాగ్రత్తగా తీసి మళ్లీ మూటలో పెట్టుకుంది.

ఆత్మకూరు దాకా గాలి దిగలేదు. బస్టాండులో ఆమె ఎటు వెళ్లిందో నేను చూడలేదు. ఇంకా ఆ చక్రాన్నే చూస్తూ నిలబడ్డాను.

ఇప్పటికీ సైకిలుకు కొత్త రిమ్ము కొనేముందు జేబులోంచి దూది తీస్తాను.

"ఏంది సార్, చెవి నొప్పా?" అంటాడు షాపువాడు.

నేను దూదిని పలచగా లాగి రిమ్ము లోపల చుట్టూ తిప్పుతాను.