నాలుగో అంచు కుట్టని బొంత

నా చిన్నప్పుడు మేమున్న ఊళ్లో తెలుగు మాట్లాడే ఇల్లు ఒక్కటే ఉండేది, అది మాదే. జార్జియా రాష్ట్రంలో దక్షిణాన ఉండే చిన్న ఊరది. ఎటు చూసినా ఎర్రమట్టి, వేరుశనగ చేలు. మా నాన్న అనంతపురం మనిషి. వేరుశనగ తెగుళ్ల మీద పెద్ద చదువు చదివి, ఆ పంట కోసమే అక్కడి పరిశోధనా క్షేత్రంలో ఉద్యోగానికి వచ్చాడు. చెనిక్కాయల్ని వదిలించుకుందామని ఇంత దూరం వస్తే ఇక్కడా అవే ఎదురొచ్చాయని మా అమ్మ ఎగతాళి చేసేది. ఆ ఊరివాళ్లు కూడా పచ్చికాయల్ని ఉప్పేసి ఉడకబెట్టుకుని తింటారని తెలిసిన రోజున మాత్రం, వీళ్లు మనవాళ్లేనని తేల్చేసింది.

మా పక్కింట్లో ఒక ముసలావిడ ఉండేది. అంత పెద్దామెను పేరుపెట్టి పిలవడానికి మా అమ్మకు నోరు రాక, పక్కింటి అవ్వ అనేది. నేను ఆమె ముందు కూడా అవ్వా అనే పిలిచేదాన్ని, ఆమె పలికేది. అవ్వ చేతులు ఖాళీగా ఉండగా నేను చూడలేదు. వేసవిలో వరండాలో కూర్చుని అలసందకాయలు ఒలిచేది. అంజీరపళ్లు వస్తే పాకం పట్టి గాజు సీసాల్లో నింపేది. ఎండలు తగ్గాక గుడ్డపేలికలు ముందేసుకుని క్విల్టులు కుట్టేది. అవి మన బొంతలకు దగ్గరి చుట్టాలే. పైన ముక్కలు, కింద ఒక గుడ్డ, నడుమ దూది, మూడింటినీ కలిపి కుట్టు. మా అమ్మకు కూడా బొంత కుట్టడం వచ్చు కాబట్టి ఇద్దరికీ మాటలు తక్కువైనా కాలక్షేపం బాగానే జరిగేది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మ కడుపుతో ఉంది. అంతకు ముందటేడు కూడా ఒక కాన్పు జరిగింది. నెలలు నిండకుండా పుట్టిన ఆ బిడ్డ ఇంటికి రాలేదు. ఆ బిడ్డ కోసం అమ్మ ముందుగానే మెత్తటి మల్లుగుడ్డతో కుల్లలు కుట్టి పెట్టుకుంది. కుల్ల అంటే పసిపిల్లల తలకు పెట్టే టోపీ. బిడ్డ పుట్టకముందే కుల్ల కుట్టినట్టు అని మనవాళ్లు సామెత కూడా చెబుతారు. మా వైపు అది ఒట్టి సామెత కాదు, పెద్దవాళ్లు గట్టిగా పాటించే కట్టడి. దూరదేశంలో ఇవన్నీ ఎవరు చూస్తారులే అని అమ్మ కుట్టింది. ఆ తర్వాత జరిగినదానికి కారణం ఆ కుల్లలేనని ఆమె మనసులో పడిపోయింది. అందుకే ఈసారి సూదిని ముట్టుకోలేదు. ఇంట్లో పసిబిడ్డ అనే మాట ఎత్తితేనే నా నోరు మూసేది.

ఆ ఏడు ఎండాకాలం చివర్లో, ఊళ్లో ఆడవాళ్లు నలుగురూ కలిసి మా ఇంట్లో అమ్మకు బేబీ షవర్ చేస్తామని నాన్నతో చెప్పారు. అదేమిటో అమ్మకు తెలియదు. నాన్నకూ సరిగ్గా తెలియదు గానీ, తెలియదని ఒప్పుకునే అలవాటు ఆయనకు లేదు. మన సీమంతం లాంటిదేనని చెప్పేశాడు. అమ్మ ముఖం విప్పారింది. సీమంతమంటే తల్లికి గాజులు తొడిగి, పూలు పెట్టి, చలిమిడి ఒడిలో పెట్టి, చల్లగా ఉండమని దీవించడమే కదా. పుట్టబోయే బిడ్డకు అందులో ఏమీ ఇవ్వరు. అమ్మ పట్టుచీర కట్టుకుంది. దాచుకున్న ఆకుపచ్చ గాజులు తీసి వేసుకుంది. పులిహోర కలిపింది. వచ్చినవాళ్లకు పసుపు, కుంకుమ పళ్లెంలో సిద్ధం చేసింది.

వాళ్లు వచ్చారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో పెట్టె. విప్పితే బుల్లి మేజోళ్లు, బుల్లి చొక్కాలు, పాలసీసాలు. ఒకావిడ పెట్టెలోంచి ఊలుతో అల్లిన కుల్ల వచ్చింది. అమ్మ చేతులు అక్కడే ఆగిపోయాయి. చివరికి పక్కింటి అవ్వ తన మూట విప్పింది. పసుపుపచ్చ, తెలుపు ముక్కలతో కుట్టిన పసిపిల్లల బొంత. ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను. అది చాలదన్నట్టు, అమ్మ పొట్ట చుట్టుకొలత ఎంతో రిబ్బనుతో కొలిచే ఆట కూడా ఆడించారు. కడుపుతో ఉన్నామెను చూసి బాగున్నావంటేనే దిష్టి తీసే ఇంట్లో పొట్టకు కొలతలా అని నాకే అనిపించింది. అమ్మ మాత్రం చివరిదాకా నవ్వుతూనే ఉంది. అందరినీ గుమ్మం దాకా సాగనంపింది. తలుపు వేసుకున్నాక ఉప్పు, మిరపకాయలు తీసి దిష్టి తీయమని నాన్నకు ఇచ్చింది. ఆయన తీశాడు.

ఆ రోజు నుంచి అమ్మకు తిండి సయించలేదు. నిద్ర లేదు. పెట్టెలు ముందు గదిలో ఒక మూల ఉంటే ఆ గదిలోకే పోయేది కాదు. వెనక్కి ఇస్తే వాళ్ల మనసు నొచ్చుకుంటుంది, ఉంచుకుంటే తన బిడ్డకు ఏమవుతుందో అని భయం. నాన్న రోజూ పాఠం చెప్పేవాడు.

"చూడు, గుడ్డకూ బిడ్డకూ సంబంధం ఉండదు. పోయినసారి జరిగినదానికి కారణం డాక్టరు చెప్పినాడు గదా. కుల్లలకు ఏమి తెలుసు?"

"నాకు తెలుసు, సంబంధం లేదని," అనేది అమ్మ. "తెలిసినంత మాత్రాన భయం పోతుందా?"

డాక్టరు చూసి, ఇట్లా అయితే కష్టం, బరువు పెరగాలి, నిద్రపోవాలి అన్నాడు. నాన్న ముఖం పాలిపోయింది. పోయినసారి కూడా మాటలు ఇట్లాగే మొదలయ్యాయని పెద్దవాళ్లు నాకు చెప్పలేదు గానీ, వాళ్ల గొంతుల్లో నాకు వినపడింది.

ఒక పొద్దున అమ్మ ఆ బొంతను మడిచి నా చేతిలో పెట్టింది. అవ్వకు ఇచ్చి, మా ఇంట్లో చోటు లేదు, కొన్నాళ్లు మీ దగ్గర ఉంచండి అని చెప్పి రమ్మంది. ఇంత ఇంట్లో అంత బొంతకు చోటు లేదంటే ఎవరు నమ్ముతారో అమ్మ ఆలోచించలేదు. నేను వెళ్లేసరికి అవ్వ వరండాలో అలసందలు ఒలుస్తోంది. బొంతను చూసి, నన్ను చూసి, ఏమయింది హనీ అని అడిగింది. అమ్మ నేర్పిన మాట ఒక్కటి కూడా నోటికి రాలేదు. కుల్లల సంగతి, పోయినేటి బిడ్డ సంగతి, అమ్మ అన్నం తినకపోవడం, అన్నీ వరసగా చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను కూడా.

అవ్వ నవ్వలేదు. అయ్యో, తెలియక చేశామే అని నొచ్చుకోనూ లేదు. ఒళ్లోని పళ్లెం పక్కన పెట్టి, మీ ఇళ్లల్లో ఖాళీ ఊయల ఊపనిస్తారా అని అడిగింది. ఊపితే అమ్మ వీపు మీద ఒకటి వేస్తుందని చెప్పాను. మా అమ్మా అంతే వేసేది అంది. అది చెప్పి లోపలికి వెళ్లి చిన్న కత్తెర తెచ్చుకుంది. బొంతను మోకాళ్ల మీద పరిచి, నాలుగు అంచుల్లో ఒక అంచు పొడుగునా కుట్లు విప్పడం మొదలుపెట్టింది. ఎంతో ఓపిగ్గా, సన్నగా కుట్టిన కుట్లు అవి. విప్పుతూ ఉంటే లోపలి దూది బయటికి కనిపించింది. నాకు ప్రాణం ఉసూరుమంది.

అవ్వా, ముందే కుడితే నిజంగా ఏమన్నా అవుతుందా అని అడిగాను.

"నాకు తెలియదు హనీ," అంది దారం పీకుతూ. "మీ అమ్మకు నిద్ర పట్టాలి. నాకు తెలిసింది అంతే."

తర్వాత తోటలో మట్టి మోసే ఒంటిచక్రం బండి తోసుకుంటూ నాతో మా ఇంటికి వచ్చింది. అమ్మ తలుపు తీసి, బొంతను చూసి, నన్ను చూసి తల దించుకుంది. అవ్వ ఆమెను మాట్లాడనివ్వలేదు. అంచు విప్పిన వైపు చేతికిచ్చి తడిమి చూడమంది.

"ఇది బొంత కాదమ్మా ఇప్పుడు. దూది పెట్టిన గుడ్డ. నాలుగో అంచు కుట్టేదాకా దీన్ని ఎవరూ బొంత అనరు. నేనూ అనను. ఆ అంచు ఎప్పుడు కుట్టాలో నువ్వు చెప్పు, అప్పుడు కుడదాం."

ఇక ఆ దూదిగుడ్డనూ, ముందు గదిలోని పెట్టెలన్నిటినీ తనే బండిలోకి ఎత్తింది. ఇవి మీ ఇంట్లో లేవు, వీటి సంగతి నీకు తెలియదు అని అమ్మ వైపు వేలు ఊపి చెప్పింది. మేజోళ్లూ పాలసీసాలూ ఒంటిచక్రం బండిలో ఎగురుకుంటూ పచ్చిక మీద పోతుంటే మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. చూస్తూ చూస్తూ నవ్వింది. నవ్వు ఆపుకోలేక గడప మీద కూర్చుని కళ్లు తుడుచుకుంది. ఆ నవ్వు విని నాన్న చదువుకునే గదిలోంచి పరుగున వచ్చాడు. ఆ రోజు అవ్వ ఒలిచి ఇచ్చిన అలసందలతో అమ్మ పులుసు పెట్టుకుని రెండోసారి కూడా అన్నం పెట్టుకుంది. నాన్న ఆమె పళ్లెం వైపే చూస్తూ తినడం మరిచిపోయాడు.

"నేను ఇన్ని దినాలు సైన్సు చెప్పినా, ఆమె ఒక కత్తెరతో సరిచేసె," అన్నాడు.

"మీ సైన్సులో కత్తెర లేదు గదా," అంది అమ్మ.

ఆకులు రంగు మారి, అక్రోటు లాంటి పికాన్ కాయలు రాలే కాలం వచ్చింది. ఆ రోజుల్లో నన్ను అవ్వ దగ్గర వదిలి నాన్న అమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్లాడు. మరునాడు పొద్దున మేం వంటింట్లో పికాన్లు పగలగొడుతూ ఉండగా ఫోన్ మోగింది. అవ్వ చెవి దగ్గర పెట్టుకుని, ఊపిరి బాగుందా అని అడిగింది, తల్లి బాగుందా అని అడిగింది. అవతల నాన్న చెప్పినదంతా విని ఫోన్ పెట్టేసి, కుర్చీలో కూలబడి, నీకు తమ్ముడు అంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇన్నాళ్లూ నేను కూడా భయపడ్డానని అప్పుడే నాకు తెలిసింది. తర్వాత పరుగెత్తి బొంత తెచ్చాను, సూది తెచ్చాను. ఇప్పుడు కుట్టెయ్యి అవ్వా అన్నాను. అవ్వ సూది అందుకుని దారం ఎక్కించి, బొంతకే గుచ్చి పక్కన పెట్టింది. మీ అమ్మ చెప్పనీ అంది.

అమ్మ ఇంటికి వచ్చింది. మన ఆచారం ప్రకారం తమ్ముణ్ణి తన పాత నూలుచీర మడత మీదే పడుకోబెట్టింది. సాయంత్రం అవ్వ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. చేతిలో సూది గుచ్చిన బొంత ఉంది. అమ్మ తమ్ముణ్ణి ఎత్తి ఆమె ఒళ్లో పెట్టి, బొంత తను తీసుకుంది. పురిటాలు కళ్లకు పని చెప్పకూడదని ఎవరైనా అనేవాళ్లేమో గానీ, అనేవాళ్లు ఆ ఊళ్లో లేరు. తొందర పడకుండా ఆ అంచంతా తనే కుట్టింది. మూడు వైపులా అవ్వ కుట్లు సన్నగా, ఒక వైపు మా అమ్మ కుట్లు లావుగా. కుట్టేటప్పుడు ఏదో కూనిరాగం తీసింది. పోయినేటి నుంచి ఆ రాగం మా ఇంట్లో వినపడలేదు. దారం కొరికి తెంపి, హమ్మయ్య అంది.

తర్వాత ఎన్నో ఊళ్లు తిరిగి, ఉద్యోగం చేసి, రిటైరై ఇప్పుడు అమెరికాలోనే క్యారీ అనే ఊళ్లో ఉన్నాను. నా చుట్టూ అన్నీ తెలుగు ఇళ్లే. వాటిల్లోని కుర్రకారంతా కంప్యూటర్ల మీద పనిచేసేవాళ్లు, దేన్నీ లెక్కచేయనట్టే మాట్లాడతారు. అయినా కడుపుతో ఉన్న అమ్మాయి, కారులో పసిబిడ్డను కూర్చోబెట్టే కార్ సీట్ కొనడానికి జంకితే, మొగుడు విసుక్కుంటే నాకు ఇట్టే తెలుస్తుంది. కార్ సీట్ లేకపోతే ఆసుపత్రివాళ్లు బిడ్డను ఇంటికి పంపరని అతని బాధ. అది ఇంట్లోకి వస్తే ఏమవుతుందోనని ఈమె బాధ. ఇద్దరిదీ న్యాయమే. అది మూఢనమ్మకం అని నేను అనను, నిజమే అని కూడా అనను. కొని మా ఇంట్లో పెట్టండి, సంగతి నాకొదిలేయండి అంటాను. ఆ అమ్మాయి బరువు దిగినట్టు ఊపిరి వదులుతుంది. అప్పుడు నాకు గడప మీద కూర్చుని నవ్విన మా అమ్మే కనిపిస్తుంది. మా గరాజ్‌లో మా కారుకు మాత్రం చోటు ఉండదు. ఆంటీ గరాజ్ అంటే ఈ వీధిలో పుట్టబోయే పిల్లల కొట్టు అని మా ఆయన వెక్కిరిస్తాడు.

మొన్న పొద్దున్నే బెల్ మోగింది. ఎదురు వరసలో ఉండే అబ్బాయి. రాత్రంతా ఆసుపత్రిలో ఉన్నట్టుంది, చొక్కా నలిగిపోయి, గడ్డం మాసిపోయి ఉన్నాడు. "ఆంటీ, కార్ సీట్," అన్నాడు. నేను ఏమీ అడగకుండా గరాజ్ తెరిచాను. ఇద్దరం కలిసి అట్టపెట్టె చించి, సీటు తీసి, అతని కారు వెనక సీట్లో బిగించాం. బెల్టు గట్టిగా ఉందో లేదో అతను రెండుసార్లు లాగి చూశాడు. కారు రివర్స్ చేస్తూ, అప్పుడు గుర్తొచ్చినట్టు అద్దం దించి, "ఆడపిల్ల ఆంటీ, ఇద్దరూ బావున్నారు," అన్నాడు.