గౌస్ మామకు కొండ మీద నుంచి రిపోర్టు

ఆత్మకూరు బస్టాండులో ఉదయం ఆరున్నరకు ఉదయగిరి బస్సు ఎక్కాం. మేమంటే మా ఆయన, మోటార్లు చుట్టే శీనయ్య, నేను. వాళ్లిద్దరూ హామ్ రేడియో క్లబ్బు వాళ్లు, సొంత సెట్లతో ఊరూరి వాళ్లతో మాట్లాడే లైసెన్సు ఉన్నవాళ్లు. నాకు లైసెన్సు లేదు, ఆ పిచ్చీ లేదు, కొండలెక్కే మోకాళ్లు అసలే లేవు. అయినా నేను వెళ్లాల్సిందేనని క్లబ్బు పెద్ద గౌస్ మామ పట్టుబట్టాడు. "అమ్మాయి ఎక్కకపోతే మీరూ పోబాకండిరా" అన్నాడట. ఎందుకో చెప్పలేదు. నా పులిహోర కోసమేనని మా ఆయన తేల్చేశాడు.

గౌస్ మామది ఉదయగిరి. వాళ్ల నాయన అక్కడ ఇంటి రేకుల షెడ్డులో చెక్క గరిటెలు చెక్కేవాడు. ఆ షెడ్డు సంగతి మా ఇంట్లో కాఫీ తాగిన ప్రతిసారీ చెబుతాడు. మసీదు వెనక సందు, మలుపులో బావి, బావిని ఆనుకుని షెడ్డు. చిన్నప్పుడు కొండెక్కి, రేకు మెరుపును బట్టి ఇల్లు గుర్తుపట్టేవాడట. ఇప్పుడు అది ఉందా అని ఎవరిని అడిగినా "ఉండాది, బాగుండాది" అంటారు. ఆయన నమ్మడు. మర్నాడు పొద్దున ఆత్మకూరులో ఆయన మేడ మీద ఇంకో అంతస్తుకు మేస్త్రీ వస్తున్నాడు. ఈలోగా ఏరియల్ దించేయాలి. అది దిగేలోపు కొండ మీద నుంచి ఎవరైనా షెడ్డును చూసి, తన రేడియోలో చెప్పాలి. ఫోనులో చెబితే వినడట. ఫోనులో అయితే నిమిషం పని.

బస్సులో ఆడవాళ్లకు టికెట్టు లేదు గానీ ఏరియల్ గొట్టానికి లగేజీ కొట్టారు.

"ఏందయ్యా ఇది, బోరు పైపా?" అన్నాడు కండక్టరు.

"రేడియోదన్నా."

"పాటలు ఫోన్లోనే వస్తా ఉండాయి కదా."

పక్క సీట్లో వరికుంటపాడు పోయే అవ్వ గొట్టాన్ని తడిమి చూసి, "చేపలకా నాయనా?" అని అడిగింది. మా ఆయన ఇద్దరికీ ఉదయగిరి వచ్చేదాకా వివరించాడు. మేం దిగేటప్పుడు అవ్వ, "చేపలు బాగా పడాల" అని దీవించింది.

బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, కొండ కింది దాకా ఆటోలో వెళ్లాం. మీలో ఎవరైనా వెళితే నీళ్లు కిందే నింపుకోండి, పైన అంగడి లేదు. మెట్లు కొన్ని, రాళ్లు ఎక్కువ. ప్రతి మలుపులోనూ శీనయ్య, "అదిగో కోట గోడ, వచ్చేసినాం వదినా" అంటాడు.

"నీ గోడ మనకంటే ముందు నడస్తా ఉండాదిరా శీనయ్యా" అన్నాను.

పదకొండింటికి పైకి చేరి సంచి విప్పారు. శీనయ్య మొహం మాడిపోయింది.

"అన్నా, ముక్క ఏదీ?"

ముక్క అంటే వైరును రేడియోకు బిగించే ఇత్తడి ముక్క. బయలుదేరే ముందు సరంజామా అంతా ఇంట్లో బిగించి పరీక్షించడం వీళ్ల ఆచారం. పరీక్ష చాలా బాగా జరిగింది. ముక్క ఇంట్లో పెద్ద సెట్టుకే ఉండిపోయింది.

చివరికి మా ఆయన వైరు చివర ఒలిచి, లోపలి తీగను రేడియో కంతలో దూర్చి, పైనున్న తీగల అల్లికను పులిహోర పొట్లం రబ్బరుతో చుట్టాడు.

"ఏమే, ఇది కదలకుండా పట్టుకో."

నన్ను పిలిచింది ఇందుకా అనుకుంటూ ఎండలో కూర్చుని పట్టుకున్నాను. కలువాయి నుంచి ఎవరో రేడియోలో పలికాడు. గరగర తప్ప ఏమీ లేదు. మా ఆయన మాత్రం "ఫైవ్ నైన్, ఫైవ్ నైన్" అన్నాడు. మొదటి అంకె మాట ఎంత అర్థమైందో, రెండోది ఎంత బలంగా వచ్చిందో చెబుతుంది. అంతకు మించిన మార్కులు లేవు.

"నాకు ఒక్క ముక్కా అర్థం కాలేదు" అన్నాను.

"అది మర్యాదే. అందరూ అట్నే ఇస్తారు."

గౌస్ మామ ఒక్కడే ఇవ్వడు. విన్నంతే చెబుతాడు. కాసేపటికి ఆయన గొంతు వచ్చింది.

"త్రీ త్రీ. వైరు సరిగ్గా బిగించినట్టు లేదు. షెడ్డు చూసినారా?"

మూడు మార్కులకు చిన్నబోయిన మా ఆయన నా వైపు చూశాడు. రెండో చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చూశాను. మసీదు, వెనక సందు, మలుపు. అక్కడ స్లాబు ఇల్లు ఉంది, పైన నీలం ట్యాంకు. బావి కూడా లేదు.

"లేదు" అన్నాను.

మా ఆయన మైకు నొక్కలేదు. "పెద్దాయన. ఉండాదని చెప్పేద్దాం. వచ్చి చూస్తాడా ఏంది?"

"అంతే అన్నా" అన్నాడు శీనయ్య.

"ఉండాదని చెప్పేదానికి ఆత్మకూరు చాలదా? ఈ రాళ్లన్నీ ఎందుకెక్కించినారు నన్ను? లేదని చెప్పు. లేకుంటే వైరు వదిలేస్తా."

చెప్పాడు. అవతల ఉత్త హోరు. నా చెయ్యి కదిలిందేమోనని చూసుకున్నాను. కదల్లేదు. కాసేపటికి, వాళ్ల పద్ధతిలో, విన్నది తిరిగి చదివినట్టు వినిపించింది. "షెడ్డు లేదు. బావి లేదు. స్లాబు ఇల్లు, నీలం ట్యాంకు. అంతా అందింది."

మధ్యాహ్నం దిగి, ఉదయగిరిలో మామకొక చెక్క గరిటె కొని బస్సెక్కాం. దారంతా మా ఆయన ఆ త్రీ త్రీ గురించే గొణిగాడు. ఈ యాత్రలో నాకు మిగిలింది ఎండకు కమిలిన చెయ్యి. కొండ మాత్రం అబద్ధమాడలేదు, పైనుంచి ఊరంతా ఉన్నది ఉన్నట్టు కనపడుతుంది.

సాయంత్రం ఆత్మకూరులో మామ ఇంటికి వెళ్లేసరికి ఏరియల్ గొట్టాలు మెట్ల కింద పడుకుని ఉన్నాయి. మామ గరిటె మెడను బొటనవేలితో నిమిరాడు.

"మా నాయనైతే ఇంకా సన్నం చేసేవాడు" అని, నా వైపు తిరిగాడు. "నిజంగా లేదా అమ్మాయ్?"

"లేదు మామా."

తల ఊపి, మా ఆయన చేతికి టీ గ్లాసు ఇస్తూ అన్నాడు. "ఈ అబ్బాయిని ఒక్కణ్ణే పంపుంటే, షెడ్డు కూడా ఫైవ్ నైన్‌గా ఉండేది."